రెండో పసుపు గీత

ఆ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి నేను పోలీస్ స్టేషన్ మెట్లెక్కేసరికి మా తోడల్లుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. యూనిఫాం మీద ఒక్క ముడత లేదు. నలభై దాటిన మగాడికి పొట్ట ఉండాల్సిన చోట అతనికి బెల్టు తప్ప ఇంకేమీ లేదు. నేను ఊపిరి బిగబట్టి నా పొట్ట లోపలికి లాక్కున్నాను. అతను ఎదురుపడ్డప్పుడల్లా పదకొండేళ్ళుగా నేను చేస్తున్న వ్యాయామం అదొక్కటే.

"రా అన్నయ్యా," అన్నాడు. "పెళ్ళికొడుకుల గుణగణాలు వాకబు చేసుకునేవాడివి, ఏకంగా హత్యాయత్నం కేసులో దిగావట. అత్తయ్యగారికి చెప్పావా?"

మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నాడు కాబట్టి నేను అతనికి అన్నయ్యను. ఇన్‌స్పెక్టర్ కాబట్టి మా అత్తగారికి అతనే అల్లుడు. ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతున్న నేను ఆవిడ దృష్టిలో ఇంకా ఏ పనిలోనూ కుదురుకోని మనిషిని. ఆదివారం సాయంత్రం నుంచి మా ఆవిడ తన లాండ్రీలో ఇతగాడు సైకిల్ తొక్కేటప్పుడు వేసుకునే తెల్లటి పొడుగు చేతుల చొక్కా ముందేసుకుని, చేతి అంచున మరక వదలడం లేదంటూ కుస్తీ పడుతోంది. నా చొక్కాకి బొత్తాం ఊడి నెల దాటింది. అసూయ అంటే అనండి, నాకేం అభ్యంతరం లేదు.

"నాలుగింటి వరకే నీకు టైము," అన్నాడు గడియారం చూసుకుని. "నాలుక్కి వ్యాన్ ఎక్కించి వాణ్ణి మేజిస్ట్రేట్ ముందు పెడుతున్నాను. ఆ తర్వాత నువ్వు జైలుకెళ్ళి మాట్లాడుకోవాలి."

వాడు అంటే సైకిల్ మెకానిక్. ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి సైకిల్ క్లబ్బువాళ్ళు కొండ దిగుతుండగా రెండో మలుపు దగ్గర పళ్ళ డాక్టరు బ్రేకు నొక్కాడు. చేతుల్లో ఉన్న హ్యాండిల్‌బార్ గిర్రున ముందుకు తిరిగిపోయింది. మనిషి వెళ్ళి పక్కగోడకు కొట్టుకున్నాడు. హెల్మెట్ రెండు ముక్కలైంది. మూడో రోజు వచ్చినా ఐసీయూలో ఆయన కళ్ళు తెరవలేదు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే నాలుగు బోల్టులూ వేళ్ళతో తిప్పితే తిరిగేంత వదులుగా ఉన్నాయి. ఆ కొత్త హ్యాండిల్ బిగించింది మెకానిక్. శనివారం మధ్యాహ్నం నాలుగింటికి పని పూర్తిచేసి, సాయంత్రం ఆరున్నరకు డాక్టరుకి అప్పగించాడు.

లోపల బెంచీ మీద మెకానిక్ అక్క కూర్చుని ఉంది. బట్టలు కుడుతుంది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది. కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచింది లేచినట్టే వచ్చేసినట్టుంది. నన్ను పెట్టుకున్నది ఆవిడే.

"మా తమ్ముడు బోల్టు వదులుగా వదిలేసి భోజనానికి కూడా లేవడు బాబూ," అంది. "నాలుగింటికి తీసుకెళ్ళిపోతారట. వాడు జైలుకెళ్తే ఆ షాపు షట్టరు మళ్ళీ ఎత్తడం కల్ల. చేతిలో ప్రాణం పెడితే తీసేశాడన్న పేరొచ్చాక ఎవడొస్తాడు?"

 టేపు అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

స్వాధీనం చేసుకున్న వస్తువులుండే గదికి ఇన్‌స్పెక్టర్ గది ముందునుంచే దారి. తలుపు తీసే ఉంది. ఫైళ్ళ బీరువాకి ఆనించి అతని నల్ల రోడ్డు సైకిల్. బయట ఎండలో పెడితే టైర్లు పాడవుతాయట. స్టేషన్‌లో కానిస్టేబుళ్ళకి కుర్చీలు చాలవు గానీ దీనికి మాత్రం ఫ్యాన్ కింద చోటుంది. నేనూ ఒకప్పుడు సైకిల్ కొన్నాను. దాని మీద ఇప్పుడు మా బాల్కనీలో తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

పళ్ళ డాక్టరు సైకిల్ గోడవారగా ఉంది. ముందు చక్రం వంకరపోయింది. మిగతా అంతా కొత్తగానే ఉంది. ఫ్రేము చూపుడువేలితో లేపాను, లేచింది.

"ఇక్కడ చూడు," అన్నాడు మా తోడల్లుడు, హ్యాండిల్ దగ్గర పెన్నుతో చూపిస్తూ. "ఈ మెకానిక్‌కి ఒక అలవాటుంది. లెక్క ప్రకారం బిగింపు అందగానే టిక్కుమనే పానా ఒకటి ఉంటుంది. దాంతో బోల్టు బిగించి, బోల్టు మీదుగా పక్కనున్న లోహం మీదికి పసుపు పెయింటు పెన్నుతో గీత గీస్తాడు. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి కనిపించాలి. ఇక్కడ నాలుగు గీతలూ తిన్నగా ఉన్నాయి. బోల్టులు మాత్రం వదులు. దీనర్థం ఏంటి?"

"నువ్వే చెప్పు."

"బిగించకుండానే గీత గీశాడు. డాక్టరు పెద్ద మెకానిక్ ఒకణ్ణి తెచ్చి ఇంకో షాపు పెట్టిస్తానన్నాడు. వీడు కుళ్ళిపోయాడు. కుళ్ళు ఎంత పనైనా చేయిస్తుంది, నీకు తెలియనిదా?"

ఆ చివరి మాట నాకే అని ఇద్దరికీ తెలుసు. భూతద్దం తీసి వంగాను. ఈలోగా అతనికి ఫోనొచ్చి బయటికెళ్ళాడు. గుమ్మంలో కానిస్టేబుల్ మిగిలాడు.

గీతలు తిన్నగానే ఉన్నాయి. కానీ మూడో బోల్టు అంచున, గీతకి బాగా దూరంగా, గాడిలో ఇంకో పసుపు చుక్క ఇరుక్కుని ఉంది. నాలుగో బోల్టుకీ అంతే. పాత గీతని గుడ్డతో తుడిచి, వేరే చోట కొత్త గీత గీస్తే గాడిలో మిగిలేది అదే. సొంత పనిని మెకానిక్ ఎందుకు తుడుచుకుంటాడు? ఇంకెవరికో తను చేసింది దాచుకోవాల్సిన అవసరం వచ్చింది.

తర్వాత సీటు చూశాను. సీటుని మోసే నల్లటి గొట్టం కూడా శనివారమే వేసిన కొత్తది. ఫ్రేములోంచి పైకొచ్చే చోట దాని చుట్టూ సన్నటి గీరుడు మరకలు. అవి కొంత పైదాకా పోయి ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ పైన గొట్టం అద్దంలా ఉంది. టేపు పెట్టాను. రెండు పాయింట్ మూడు సెంటీమీటర్లు.

లాకప్ దగ్గర మెకానిక్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "సీటు గొట్టం ఎన్నిసార్లు దించావు?"

"ఒక్కసారే సార్," అన్నాడు కటకటాలు పట్టుకుని. గోళ్ళలో నల్లటి గ్రీజు ఇంకా పోలేదు. "జారకుండా దానికి ఇసకలాంటి పేస్టు రాస్తాం. అందుకని పైకీ కిందికీ ఆడించకూడదు, గీరుకుపోద్ది. పళ్ళుగారిది డెబ్బై నాలుగున్నర. పెడళ్ళ మధ్య ఇరుసు నుంచి సీటు పైదాకా. నేను అక్కడికి దించి ఆపేశాను."

అంటే ఎవరో సీటుని ఇంకో రెండు పాయింట్ మూడు దించి, మళ్ళీ యథాస్థానానికి ఎత్తారు. చంపాలనుకున్నవాడికి సీటుతో పనేముంది? తొక్కాలనుకున్నవాడికే ఉంటుంది. ఈ సైకిల్ పిచ్చివాళ్ళు వీధి చివరిదాకా వెళ్ళొచ్చేందుకైనా సీటు తమ ఎత్తుకి మార్చుకోనిదే ఎక్కరు. హ్యాండిల్ కూడా తమ చేతులకి అనువుగా తిప్పుకోనిదే ఊరుకోరు. డెబ్బై నాలుగున్నరలోంచి రెండు పాయింట్ మూడు తీసేస్తే డెబ్బై రెండు పాయింట్ రెండు. ఆ ఎత్తు మనిషి కావాలి నాకు.

రెండూ ఇరవైకి మెకానిక్ అక్క తన దగ్గరున్న తాళంతో షాపు షట్టరెత్తింది. గోడకి కొట్టిన చెక్క మీద ఏ పనిముట్టు ఎక్కడ తగిలించాలో దాని ఆకారం గీసి ఉంది. టిక్కుమనే పానా దాని ఆకారంలో అది బుద్ధిగా వేలాడుతోంది. దాని పక్కనే పసుపు పెన్ను. ఎవరైనా చెయ్యి చాపి తీసుకోవచ్చు.

శనివారం సాయంత్రం తమ్ముడు బజారుకెళ్తే షాపు చూసుకున్నది క్లబ్బులోని లెక్కల మాస్టారని అక్క చెప్పింది. ఫోన్ చేసి రమ్మంటే ఆయన స్కూల్లో పర్మిషన్ తీసుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరుతో పన్నెండేళ్ళుగా కలిసి సైకిల్ తొక్కుతున్న మనిషి. పొట్టిగా, పీలగా, బల్ల చివర కూర్చున్న పిల్లాడిలా నా ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

"శనివారం సాయంత్రం ఐదూ పది నుంచి ఐదూ ముప్పావు దాకా షాపులో మీరొక్కరే ఉన్నారు," అన్నాను.

"ఉన్నాను. మెకానిక్ గొలుసు తేవడానికి అవతలి బజారుకెళ్ళాడు. చూస్తుండమన్నాడు."

"ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు," అన్నాడు, నా మాట పూర్తికాకముందే.

"మీ స్నేహితుడి సైకిల్ ముట్టుకున్నారా?"

 "ముట్టుకున్నాను. ఎందుకు అబద్ధం చెప్పాలి? ఆ ఫ్రేము ఏది మంచిదో ఆర్నెల్లు చదివింది నేను. టైరు వెడల్పు ఇరవై ఐదు మిల్లీమీటర్లు వద్దు, ఇరవై ఎనిమిది వెయ్యి, గాలి తక్కువ కొట్టు, అప్పుడు గతుకుల్లో ఎగరదు అని చెప్పింది నేను. గొలుసుకి ఏ మైనం పూయాలో కూడా నేనే చెప్పాను. నేను చదువుకున్నాను, వాడు కొనుక్కున్నాడు. నాది ఇంకా ఆ పాత అల్యూమినియం బండే. దాని వంక చూస్తూ పావుగంట కూర్చున్నాను సార్. గుండెల్ని ఎవరో పిండినట్టయింది. ఒకసారి ఎత్తి చూసి మళ్ళీ కొక్కేనికి తగిలించాను. అంతే."

"తొక్కలేదా?"

"తొక్కితే మళ్ళీ నా బండి ఎక్కగలనా?"

నాకు ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది. కుళ్ళుని అంత శుభ్రంగా ఒప్పుకునేవాడికి దాచుకునేది ఇంకేం ఉండదు. కానీ ఎవరూ రాలేదన్న మాట దగ్గర మాత్రం ఆయన గొంతు వేరేగా పలికింది.

లేచి గోడ దగ్గరికెళ్ళాను. తలుపు పక్కన సున్నం మీద, నా తొడ ఎత్తులో, పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి ఉన్నాయి. ఇంట్లో పిల్లలు ఎదిగిన ఎత్తులు గీసినట్టే. క్లబ్బులో ఒక్కొక్కరి సీటు ఎత్తు. మెకానిక్ ఎవరికీ అసలు పేరు రాయలేదు, అన్నీ తను పెట్టిన పేర్లే. డెబ్బై నాలుగున్నర దగ్గర 'పళ్ళు'. డెబ్బై ఆరు దగ్గర 'కొంగ'. డెబ్బై ఒకటి దగ్గర 'ఆదివారం మాత్రమే'. అరవై తొమ్మిది దగ్గర 'లెక్కలు'.

"మాస్టారూ, మీరు కాదు," అన్నాను. "మీరైతే సీటు ఇంకా కిందికి దిగేది."

ఆయన భుజాలు కిందికి జారాయి. నేను గీతలు చూస్తూనే ఉన్నాను. డెబ్బై రెండు పాయింట్ రెండు దగ్గర ఒక గీత ఉంది. పక్కన అంకె ఉంది, పేరు లేదు. పద్దెనిమిది గీతల్లో ఆ ఒక్కదానికే పేరు లేదు.

"ఇదెవరిది?"

మాస్టారు గోడ వైపు చూసి, షట్టరు వైపు చూశాడు. "శనివారం షాపులో నేనొక్కణ్ణే ఉన్నానని ఫైల్లో రాయడానికి ఒక్క నిమిషం చాలన్నారు సార్ నాతో. రాయకుండా వదిలేస్తున్నాను, మీరూ వదిలెయ్యండి అన్నారు. నాకింకా నాలుగేళ్ళు సర్వీసుంది."

"ఎవరన్నారు?"

"అందరికీ మారుపేర్లు పెట్టే మెకానిక్ కూడా భయపడి పేరు పెట్టని మనిషి," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఇంతకంటే నన్నడక్కండి."

నా గుండె ఎగిరి గంతేసింది. ఆ గంతు చూసే నాకు అనుమానమొచ్చింది. పదకొండేళ్ళుగా ఎవరు తప్పు చేస్తే బాగుండునని కోరుకుంటున్నానో, వేలు సరిగ్గా అతని వైపే చూపిస్తోంది. ఆకలితో ఉన్నవాడికి ప్రతి వాసనా వంటలాగే ఉంటుంది. నా కళ్ళని నేను నమ్మలేదు. టేపుని నమ్ముదామని బయల్దేరాను.

మూడూ ఇరవై ఐదు. ఇన్‌స్పెక్టర్ గదిలో ఎవరూ లేరు, వ్యాన్ డ్రైవరుతో మాట్లాడటానికి వెనక్కి వెళ్ళాడన్నారు. నల్ల సైకిల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఇరుసు మధ్యలో టేపు చివర అదిమి, సీటు పైదాకా లాగాను.

డెబ్బై రెండు పాయింట్ రెండు.

మళ్ళీ కొలిచాను. మూడోసారీ కొలిచాను. అదే. సంతోషం వేసింది, దాచను. మా అత్తగారి మొహం కూడా కళ్ళ ముందు కనిపించింది. ఆ వెంటనే మా మరదలి మొహం కనిపించింది, అప్పుడు ఆ సంతోషం కాస్త చల్లబడింది.

"నా సైకిల్‌కి జాకెట్టు కుడుతున్నావా అన్నయ్యా?"

తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను లేచాను. సీటు గొట్టం మీద గీరుళ్ళు, గోడ మీద పేరు లేని గీత, గాడిలో మిగిలిన పాత పసుపు చుక్క, అన్నీ వరసగా చెప్పాను. సగంలో అతను తలుపు మూశాడు.

"ఎంతసేపు తొక్కావు?" అన్నాను.

కాదంటాడనుకున్నాను. కుర్చీలో కూర్చున్నాడు. "ఐదు నిమిషాలు," అన్నాడు. గొంతులో ఆ వెటకారం లేదు. "రెండేళ్ళు ఆ కొండ ఎక్కడంలో రికార్డు నాది. పదకొండు నిమిషాల నలభై రెండు సెకన్లు. క్లబ్బులో ఎవడూ దరిదాపుల్లోకి రాలేదు. ఆ డాక్టరు చక్రాలు మార్చి తొమ్మిది సెకన్లు తగ్గించాడు. చక్రాలు అన్నయ్యా, కాళ్ళు కాదు. పైగా కొత్త హ్యాండిల్ వేయిస్తున్నాడు. అది ఎలా ఉంటుందో ఒక్కసారి తెలుసుకోవాలనిపించింది."

"తెలిసిందా?"

"దిగి నాది ఎక్కితే ఎద్దుబండి ఎక్కినట్టుంది." మొహం రుద్దుకున్నాడు. "హ్యాండిల్ నా చేతులకి తగ్గట్టు కాస్త తిప్పుకున్నాను. మళ్ళీ వాడి పద్ధతిలోకి తిప్పి బిగించాను. కార్బన్ హ్యాండిల్ కదా, ఎక్కువ బిగిస్తే చిట్లుతుంది. భయపడి మెత్తగా బిగించాను."

"టిక్కుమనే పానా పక్కనే ఉందిగా."

"దానికి లెక్క చూసి పెట్టుకోవాలి. టైము లేదు. మెకానిక్ వచ్చేస్తాడు."

"మరి ఆ గీత ఎందుకు మళ్ళీ గీశావు?"

ఆ ప్రశ్నకే అతని చెవులు ఎర్రబడ్డాయి. "వాడి సైకిల్ కోసం నేను నోరూరించుకున్నానని ఊళ్ళో చెప్పుకోరూ?"

ఇంత పనికీ మూలం అంతే. మనిషిని చంపాలన్న పగ కాదు, నవ్వుతారన్న సిగ్గు. ఒక్క క్షణం అతని మీద నాకు జాలేసింది. నా బాల్కనీలో తువ్వాళ్ళ కింద ఉన్న సైకిల్ కూడా అతనికి పోటీగా కొన్నదే.

"పొరపాటని చెప్పెయ్," అన్నాను. "మెకానిక్‌ని వదిలెయ్."

"శనివారం వరకే అది పొరపాటు. నిన్న వాణ్ణి అరెస్టు చేశాక ఇంకేదో అయింది." లేచి నిలబడ్డాడు. వెటకారం తిరిగొచ్చింది. "అయినా నీ మాట ఎవడు నమ్ముతాడు అన్నయ్యా? గీరుళ్ళు డాక్టరే చేసుకున్నాడంటాను. మాస్టారు నోరు మెదపడు. ఇక నువ్వు. నా మీద పడి ఏడుస్తావని మన ఇళ్ళల్లో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. వదిన కూడా నమ్మదు."

అది నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నోరు జారాను. "ఆ పెయింటు అంత తేలిగ్గా వదలదు. తుడిచినవాడికి ఎక్కడో అంటుకునే ఉంటుంది. అది వెతికి పట్టుకుంటాను."

 అతని చూపు ఒక్కసారి తన కుడి మణికట్టు మీదికి పోయొచ్చింది. బల్ల మీద జీపు తాళాలు తీసుకున్నాడు. "నాలుక్కి మెకానిక్‌ని ఎక్కించండి," అని కానిస్టేబుల్‌కి కేకేసి వెళ్ళిపోయాడు.

ఉతికిన యూనిఫాం, తెల్లగా మెరుస్తున్న మణికట్టు. అక్కడ ఏముందని చూశాడు? జీపు స్టార్టయిన చప్పుడు వినిపించేదాకా నా బుర్రకి తట్టలేదు. పొద్దున కాఫీ దగ్గర మా ఆవిడ గొణుగుడు గుర్తొచ్చింది. 'ఏం పసుపో ఏమో, కుడిచేతి అంచుకే పట్టింది, కిరోసిన్‌కి కూడా లొంగడం లేదు.' మరిది చొక్కా మీద ఆవిడ శ్రద్ధకి ఉడుక్కోవడంలో పడి నేను ఆ రంగు మాట వినిపించుకోలేదు.

మెకానిక్‌ని కాపాడగల వస్తువు ప్రపంచంలో ఆ చొక్కా ఒక్కటే. అదెక్కడుందో అతనికి గుర్తుచేసింది నేనే. లాండ్రీకి జీపులో ఆరు నిమిషాలు.

బెంచీ దగ్గర మెకానిక్ అక్కతో, "నేనొచ్చేదాకా వ్యాన్ కదలనివ్వకండి," అన్నాను.

"కదిలితే దాని ముందు పడుకుంటాను," అంది ఆవిడ.

మెట్లు దిగుతూ ఫోన్ చేశాను. "ఆ తెల్ల చొక్కా మరక పోయిందా?"

"సగం పోయింది," అంది మా ఆవిడ. "కొత్త మందు తెప్పించాను. ఇంకొక్కసారి రుద్దితే..."

"రుద్దకు. ముట్టుకోకు."

"మళ్ళీ మొదలెట్టారా? మరిది చొక్కా ఉతికితే మీకెందుకండీ అంత మంట?"

ఉరుకుతూనే నాలుగు ముక్కల్లో చెప్పాను. పసుపు గీత, వదులు బోల్టు, లాకప్‌లో మెకానిక్. అతను ఇప్పుడు అక్కడికే వస్తున్నాడని, ఏం అడిగినా చొక్కా ఇవ్వొద్దని చెప్పాను.  అవతల ఇస్త్రీపెట్టె ఆవిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"ఒక్కటి చెప్పండి," అంది చివరికి. "ఇది నిజమా, మీ మంటా?"

"రెండూ," అన్నాను. "మంట ఉంది, కాదనను. కానీ ఇది నిజం."

 జీపు ఆగిన చప్పుడు ఫోన్లో వినిపించింది. తలుపు, తర్వాత బూట్లు. "వదినా, నా చొక్కా అయిందా?" అన్న గొంతు, ఎప్పట్లాగే తియ్యగా. ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. బల్ల మీద ఉంచినట్టుంది. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను.

"ఇంకా ఆరలేదు మరిదిగారూ," అంది మా ఆవిడ. "రేపు రండి."

పదకొండేళ్ళలో ఆవిడ అతనికి లేదని చెప్పడం అదే మొదలు. 

"తడిదైనా పర్లేదు వదినా," అన్నాడు అతను. ఆ వెంటనే బూట్లు గుమ్మం వైపు నడిచాయి, అతను లోపలి నుంచి లాండ్రీ షట్టరు కిందికి లాగిన చప్పుడు వినిపించింది.